అవతలి మనిషికి మార్కులు

తెనాలిలో ఎవరు ఏం గెలిచినా ఆ సంగతి జ్ఞానానందం మాస్టారి చెవిన పడకుండా జాగ్రత్త పడతారు. ఆయన ఓర్వలేని మనిషేం కాదు. కాకపోతే గెలిచానని చెప్పినవాడి చెయ్యి పట్టుకుని ఊపడం, భుజం తట్టడం, మిఠాయి ఏదని అడగడం ఆయన పద్ధతిలో లేవు. కళ్లజోడు ముక్కు చివరికి దించి, గెలిచినవాడి వెనక ఇంకెవరో నిలబడి ఉన్నట్టు తొంగి చూసి, ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు.

"అవతలెవరు?"

ఆ మధ్య పూర్ణచంద్రరావు పదకొండు వందల ఓట్ల మెజారిటీతో కౌన్సిలరుగా గెలిచి, దండల బరువుకి వంగిపోతూ మాస్టారి గుమ్మం ఎక్కాడు.

"అవతలెవరయ్యా?"

"ఎవరో ఒకాయన లెండి మాస్టారూ. నామినేషన్ వేసిన మర్నాడే కిడ్నీలో రాయొచ్చి మంచాన పడ్డాడు."

"అయితే నువ్వు ఓడించింది ఆయన్ని కాదు. ఆయన్ని పడుకోబెట్టింది రాయి. మెజారిటీ దానికి రావాలి."

ఆ తరవాత కౌన్సిలరు గారు పదవి ఉన్నన్నాళ్లూ పక్క వీధిలోంచే తిరిగాడు. మాస్టారి వీధిలో మురుక్కాలవకి ఇప్పటికీ మూతలు లేకపోవడానికి కారణం అదేనని వీధి వీధంతా నమ్ముతుంది.

బస్టాండు దగ్గర "తెనాలి నంబర్ వన్ ఇడ్లీ" అని బోర్డు పెట్టినతన్ని కూడా ఆయన వదల్లేదు. నాలుగు రోజులు ఊరంతా తిరిగి, మిగతా హోటళ్లలో ఇడ్లీలన్నీ తిని, కడుపుబ్బరంతో వచ్చి తీర్పు చెప్పాడు. "నిజమేనయ్యా, నువ్వే నంబర్ వన్. కాకపోతే అవతలివాళ్లు మరీ నీరసంగా ఉన్నారు. నీ గొప్పేం లేదు."

కట్టుకున్న భార్యకీ మినహాయింపు లేదు. కుమారి గారు ఒకసారి పదిమందిలో మురిసిపోతూ, "నాకు పదకొండు సంబంధాలొచ్చినయ్యి. అన్నీ కాదని ఈయన్నే చేసుకున్నా" అంది. మాస్టారు వెంటనే ఆ పదకొండు మందీ ఎవరెవరని ఆరా తీశాడు. నెల తిరిగేసరికి అందరి వివరాలూ రాబట్టి, ఒక్కొక్కరికి మార్కులు వేశాడు. అందరిలోకీ ఎక్కువ వచ్చిన పెళ్లికొడుక్కి ఇరవై ఎనిమిది. "నేను నెగ్గింది వట్టి బలహీనమైన గ్రూపులో కుమారీ" అని ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఈ జబ్బుకి మూలం హెవీవెయిట్ బాక్సింగు. మాస్టారు జన్మలో గ్లోవు తొడగలేదు. దోమ వాలినా కుమారి గారినే పిలుస్తాడు. రేపల్లెలో సోషల్ చెప్పుకునే రోజుల్లో బడి లైబ్రరీలో ఎవరో పడేసి పోయిన ఇంగ్లీషు ఆటల పత్రికల కట్ట ఒకటి ఆయన కంటబడింది. అందులో ఉన్న ప్రశ్న బుర్రకెక్కి కూర్చుంది: ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్లలో అందరికంటే గొప్పవాడెవడు? ఎన్ని గెలిచాడన్నది లెక్క కాదు, ఎవరి మీద గెలిచాడన్నదే లెక్క అని ఆయన తేల్చుకున్నాడు. ఇక ఛాంపియన్లని వదిలేసి వాళ్ల ప్రత్యర్థుల వెంట పడ్డాడు. ముప్పై ఏళ్లు పదో తరగతి పేపర్లు దిద్దిన చెయ్యి కాబట్టి ప్రత్యర్థుల్నీ అలాగే దిద్దాడు. ఎర్ర ఇంకు, నూటికి మార్కులు, ముప్పై ఐదు వస్తే పాసు. అలా పదకొండు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి.

రూబీకి ఆయన స్వయానా పెదనాన్న. పక్క పక్క ఇళ్లు. వాళ్ల నాన్న శాలేమురాజు అన్నగారిని కదిలించి వినోదం చూడడం ఆమె చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

"మార్సియానో నలభై తొమ్మిది ఆడి నలభై తొమ్మిదీ గెలిచాడంటగా అన్నయ్యా. ఇంకేం కావాలి?"

"గెలిచాడు. కాదన్నానా? జో లూయీని కూడా కొట్టాడు. అప్పటికి జో లూయీకి ముప్పై ఏడేళ్లు. రిటైరైన మాస్టార్ని లాక్కొచ్చి డ్రిల్లు చేయించినట్టు! ఆ పేపరుకి నలభై రెండే వేశా."

"మరి జో లూయీ? పాతికసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడుగా?"

"పాతిక పేపర్లూ దిద్దా. ఆరుగురికి మోడరేషన్ కలిపితేగాని ముప్పై ఐదు దాటలా."

"పోనీ, అలీ?"

ఇక్కడ మాత్రం మాస్టారు నిటారుగా కూర్చునేవాడు. "లిస్టన్, ఫ్రేజర్, ఫోర్‌మన్. ఒక్కొక్కడూ ఎనభై పైన! ఫ్రేజర్ చేతిలో అలీ ఓడిపోయిన పేపరుంది చూడు, కొందరి గెలుపుల కంటే దానికే ఎక్కువ మార్కులు."

అలాంటి మనిషి ఇంటి పక్కన రూబీ బాక్సరు కావడం దేవుడి చిలిపితనమే అనుకోవాలి. పుట్టినప్పుడే నాలుగున్నర కిలోలున్న పిల్ల ఇరవయ్యో ఏటికి ఎనభై ఆరుకి వచ్చింది. చుట్టాలంతా అన్నం తగ్గించమని చెబుతుంటే, నిండు గ్యాస్ బండ భుజాన పెట్టుకుని మూడో అంతస్తుకి ఎక్కుతున్న ఆమెని చూసి, కోచ్ రమేష్ బాబు ఒక్కడే ఇంకో ముద్ద ఎక్కువ తినమన్నాడు. ఎనభై ఒక్క కిలోల పైబడ్డ విభాగంలో పేరు రాయించాడు. జిల్లా పోటీల్లో రూబీ బరువు తూయించుకుంది, రింగెక్కింది, కాసేపు నిలబడింది. రెఫరీ ఆమె చెయ్యి పైకెత్తాడు. బంగారు పతకం! జిల్లా మొత్తంలో ఆ బరువుకి ఇంకో అమ్మాయి లేదు.

అలా వరసగా మూడేళ్లు జరిగింది. మూడు బంగారు పతకాలు, ఒక్క గుద్దు లేదు. జిల్లా ఛాంపియన్ హోదాలో నిరుడు రాష్ట్ర పోటీలకి వెళితే విశాఖపట్నం అమ్మాయి బిందు ఆమెని నలభై సెకన్లలో కూర్చోబెట్టింది. ఇంటికొచ్చాక శాలేమురాజు కోప్పడకుండానే తేల్చి చెప్పాడు. "వచ్చే ఏడు ఒక్కసారి చూద్దాం అమ్మా. అప్పుడు కూడా ఇంతే అయితే గ్లోవ్సు అటక మీద పెట్టేసి బ్యాంకు కోచింగుకి పోదువుగాని." రూబీ సరేనంది. మర్నాడు తెల్లవారకముందే లేచి గ్లోవ్సు కట్టుకుంది. నిలబడితే వచ్చే డిసెంబరులో నిలబడాలి, లేకపోతే అంతే.

ఈలోగా జూన్లో మూడో పతకం వచ్చింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు రూబీని ముందుకి పిలిచి, "మన సంఘపు బిడ్డ, జిల్లా ఛాంపియన్" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరస బెంచీలోంచి గొంతు లేచింది.

"అవతలెవరో కూడా చెప్పండి అయ్యగారూ!"

చప్పట్లు ఆగిపోయాయి. పాస్టరు గారు రూబీ వంక చూశారు. రూబీ నేల వంక చూసింది.

"ఎవరూ లేరండి" అంది.

ముందు ఎవరో పిల్ల కిసుక్కుమంది, ఆ తరవాత పెద్దవాళ్లు. "ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం" అని వెనక బెంచీలో బసవమ్మ గారు గుసగుసలాడింది. ఆవిడ గుసగుస ఆల్టరు దాకా వినబడుతుంది. ఎనభై ఆరు కిలోల మనిషి దాక్కోవడానికి చర్చిలో చోటు ఉండదని రూబీకి ఆ రోజే తెలిసింది.

"ఇంక ఈ జన్మలో పెదనాన్నతో మాట్లాడను" అని ఇంటికి రాగానే చెప్పేసింది.

మాట్లాడదామన్నా మాస్టారు దొరకడం మానేశాడు. పొద్దున్నే చేతిసంచీ పట్టుకుని స్టేషనుకి పోతాడు, సాయంత్రం దిగుతాడు. ఒకనాడు బాపట్ల, ఒకనాడు రేపల్లె, ఇంకోనాడు చీరాల. వారం తిరక్కుండానే కుమారి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"అమ్మా రూబీ, మీ పెదనాన్నకి మతి పోయిందే. ఊళ్ల వెంట తిరిగి ఆడపిల్లల బరువులు అడుగుతన్నాడంట!"

నిజమే. మాస్టారు గుమ్మం గుమ్మం ఎక్కి, "మీ ఇంట్లో ఎనభై కిలోలు దాటిన అమ్మాయి ఉందాండి?" అని మర్యాదగా అడుగుతున్నాడు. బాపట్లలో ఒక లేడీస్ హాస్టల్ వాచ్‌మన్ ఆయన్ని గంటసేపు స్టూలు మీద కూర్చోబెట్టి, వార్డెన్ గారికి క్షమాపణ పత్రం రాయించుకున్నాడు. రేపల్లెలో ఒకావిడ ఆయన పెళ్లిళ్ల పేరయ్య అనుకుని, కాళ్లకి నీళ్లిచ్చి, గారెలు పెట్టి, కూతురి ఫొటో చేతిలో పెట్టింది. "డెబ్బై రెండేనండి. పెళ్లి లోపల ఎనభై చేస్తాం, మాది పూచీ" అంది. మాస్టారు గారెలు తిని, ఫొటో వెనక "72, చాలదు" అని ఎర్ర ఇంకుతో రాసి తిరిగి ఇచ్చేశాడు.

ఇదంతా విన్న రూబీకి ఒక్కటే అర్థమైంది. తన కంటే బలమైన పిల్లని ఎక్కడి నుంచో పట్టుకొచ్చి, తను ఛాంపియన్ కాదని ఊరికి రుజువు చెయ్యాలని పెదనాన్న పంతం పట్టాడు. అయితే రేపల్లె నుంచి వచ్చిన కబుర్లలో ఒకటి మాత్రం ఆమెకి కొరుకుడు పడలేదు. ఆయన బజార్లో కనబడితే నడివయసు మగవాళ్లు దుకాణాలు దిగి వచ్చి, నమస్కారం పెట్టి, టీ తాగేదాకా వదలడం లేదట. వాళ్లెవరూ ఫస్టు క్లాసు బాపతు కాదు. అందరూ ఆయన దగ్గర చదివి పదో తరగతి తప్పినవాళ్లే. ఏటా ఫలితాలొచ్చాక ఆయన పాసైనవాళ్లని వదిలేసి వీళ్ల ఇళ్లకే వెళ్లేవాడట.

జులై మొదటి శనివారం కోచ్ రమేష్ బాబు, "బాపట్ల పదమ్మా. నీతో తలపడి సాధన చేయించడానికి స్పారింగ్ జోడీ దొరికింది" అన్నాడు. ఒక ఖాళీ బియ్యం గోడౌనులో చాపలు పరిచి, చుట్టూ తాళ్లు కట్టారు. అవతల మూల ఎనభై ఎనిమిది కిలోల అమ్మాయి గ్లోవ్సు తొడుక్కుని నిలబడి ఉంది. ఆ పిల్ల పేరు ప్రత్యూష. చీరాలలో బట్టల వ్యాపారం చేసే పున్నయ్య గారి కూతురు. చీరల మూటలు ఆటోలోంచి ఒక్కతే దించుతుంటే మాస్టారు చూశాడట. ఆ పిల్ల పక్కన మంచినీళ్ల సీసా, తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసేసరికి రూబీకి ఒళ్లు మండింది. పెదనాన్న!

ప్రత్యూషకి బాక్సింగు కొత్త. అడుగులు తడబడుతున్నాయి. అయినా రూబీ ఎడమ చెయ్యి కాస్త కిందికి జారిన ప్రతిసారీ, దాని కోసమే కాచుకున్నట్టు కుడిచేతి గుద్దు వచ్చి దవడకి తగులుతోంది. మూడు సార్లు తిన్నాక రూబీ ఆట ఆపింది.

"ఎవరు చెప్పారు నీకు ఇది?"

"మాస్టారండి. శుక్రవారం శుక్రవారం మా ఇంటికొచ్చి ట్యూషన్ చెబుతున్నారు. మీ ఎడమ చెయ్యి జారిపోద్దని నోట్సు కూడా రాయించారక్కా. ముఖ్యమైన ప్రశ్న అన్నారు."

అదీ సంగతి! పున్నయ్య గారు కూతుర్ని గుద్దులాటకి పంపనంటే పంపనన్నాడట. డిగ్రీలో ఇంగ్లీషు రెండుసార్లు పోయింది, అది గట్టెక్కించే పూచీ తీసుకుంటేనే పంపుతానన్నాడట. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన మనిషి ఇంగ్లీషు గ్రామరు పుస్తకం కొనుక్కుని, ముందు తను చదువుకుని, రైలెక్కి వెళ్లి ఆ పిల్లకి చెబుతున్నాడు. ఇంగ్లీషు అరగంట, రూబీలో లోపాలు అరగంట.

"సొంత పెదనాన్న అవతలి మనిషికి ట్యూషన్ చెబుతాడా ఎక్కడన్నా?" అని రూబీ ఆ సాయంత్రం కుమారి గారి ముందు కుమిలిపోయింది.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు తల్లీ. నువ్వు ఆయన పెరటి చెట్టువి" అందావిడ.

రూబీ ఏడవలేదు. పళ్లు బిగించింది. పైవారానికల్లా ఎడమ చెయ్యి దవడ కింద గూటం కొట్టినట్టు నిలిచింది. ప్రత్యూష గుద్దులన్నీ గ్లోవు మీదే పడ్డాయి. మాస్టారు తల పంకించి, సంచీలోంచి నోట్‌బుక్కు తీసి ఏదో కొట్టేశాడు. ఆ పైవారం ప్రత్యూష కొత్త పాఠంతో వచ్చింది: వెనక్కి తగ్గేటప్పుడు రూబీ ఎప్పుడూ కుడి వైపుకే తిరుగుతుంది. పొట్టలో రెండు తగిలాయి. వారం అంతా రూబీ ఎడమ వైపు తిరగడం నేర్చుకుంది. మళ్లీ శుక్రవారం కొత్త పాఠం, శనివారం కొత్త దెబ్బ. ఒళ్లంతా కందిపోయినా ఒక్క శనివారం మానలేదు. పెదనాన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన దగ్గర చెప్పడానికి ఏ లోపమూ మిగలకుండా చెయ్యడమే ఆమె పంతం.

నవంబరు ఆఖరి శుక్రవారం మాస్టారు ఖాళీ చేతులతో చీరాల వెళ్లాడని ప్రత్యూషే చెప్పింది. "సిలబస్ అయిపోయిందన్నారక్కా. ఇంగ్లీషు రిజల్టూ వచ్చింది, పాసయ్యా!" ఇద్దరూ ఆ రోజు ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియకుండా కొట్టుకుని, చివరికి చాప మీద చతికిలపడి నవ్వుకున్నారు.

డిసెంబరులో రాష్ట్ర పోటీలు బాపట్లలోనే పెట్టారు. రూబీ విభాగానికి రాష్ట్రమంతటి నుంచీ వచ్చింది ముగ్గురే. జూన్‌లో జిల్లా పోటీ ఆడని ప్రత్యూష ఆ లెక్కలో లేదు. చీటీ వేస్తే రూబీకి బై వచ్చి, ఆడకుండానే ఫైనల్ చేరింది. ఆమెకి నిజంగా ఏడుపొచ్చింది. అవతలి సగంలో బిందు ఒకమ్మాయిని ఒక్క రౌండులో ముగించి ఫైనల్‌కి వచ్చింది.

గంట మోగింది. శాలేమురాజు వాచీ చూస్తూ నిలబడ్డాడు. పది సెకన్లు, ఇరవై, నలభై. నలభై ఒకటో సెకనుకి, "నిలబడింది!" అని అరిచి పక్కాయన భుజం మీద చరిచాడు. బిందు ఊరుకునే రకం కాదు. మొదటి రౌండు ఆమెదే. రెండో రౌండులో రూబీ ఎడమ చెయ్యి గోడలా నిలిచింది. బిందు పొట్ట వెతికింది, రూబీ ఎడమ వైపు తిరిగింది. ఏ తలుపు తట్టినా గడియ పడే ఉంది. మధ్యలో మూలకి వచ్చి కూర్చున్నప్పుడు రూబీ జనంలో వెతికింది. పెదనాన్న తన వైపు లేడు. బిందు వాళ్లమ్మ పక్కన కూర్చుని ఆవిడతో తీరిగ్గా కబుర్లాడుతున్నాడు.

ఆ కోపమంతా మూడో రౌండులో చేతుల్లోకి వచ్చింది. ఊపిరి అందలేదు, కాళ్లు లేవలేదు, అయినా ఆగలేదు. ఆఖరి గంట మోగేసరికి ఇద్దరమ్మాయిలూ ఒకరి మీద ఒకరు ఒరిగి నిలబడి ఉన్నారు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు రూబీకి, ఇద్దరు బిందుకి ఇచ్చారు. రెఫరీ చెయ్యెత్తాడు. ఈసారి ఆ చెయ్యి భుజం దాకా నొప్పి పెట్టింది. రూబీకి అది ఎంత బాగుందో చెప్పలేం.

నాన్న వాటేసుకున్నాడు, కోచ్ గంతులేశాడు, ప్రత్యూష ఆమెని ఎత్తేసి తిప్పింది. పెదనాన్న మాత్రం రాలేదు. రూబీకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇవాళ ఆయన ఏమంటాడో ఎదురుగా నిలబడి వినాల్సిందేననుకుని వెతుక్కుంటూ బయల్దేరింది. స్టేడియం వెనక వరండాలో, మడతకుర్చీల దొంతర పక్కన, బిందు మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తోంది. పక్కనే నేల మీద మాస్టారు కూర్చుని ఉన్నాడు. రూబీ స్తంభం చాటున ఆగింది.

"ఏడుపెందుకమ్మా?"

"ఓడిపోయానండి."

"ఓడిపోయావు, సరే. అవతలెవరో తెలుసా నీకు?"

బిందు తల అడ్డంగా ఊపింది.

"మా రూబీ! పోయినేడు నువ్వు నలభై సెకన్లలో పడగొట్టావే, ఆ పిల్లే. ఇంకొకళ్లయితే ఆరు నెలలు దుప్పటి ముసుగేసేవాళ్లు. అది మర్నాడు తెల్లవారకుండా లేచి గ్లోవ్సు కట్టింది. మా గోడ పక్కనే, నాకు వినపడ్డది. మూడేళ్లు అవతల మనిషనేది లేకుండా ఒక్కతే గాలిని కొట్టుకుంటా సాధన చేసింది. అదెంత కష్టమో తెలుసా? నేను దానికి ఏ లోపం కనిపెట్టినా వారంలో పూడ్చేసింది. నాకే చెప్పడానికేం మిగల్చలా! యాభై ఏళ్లుగా ఛాంపియన్లకి మార్కులేస్తన్నానమ్మా. దానికి తొంభై ఐదేశా. ఆ ఐదైనా ఎందుక్కోశానంటే, సొంత పిల్ల కదా, నూరేస్తే లోకం నమ్మదు."

బిందు తలెత్తి చూసింది.

"అలాంటి మనిషి ముందు మూడు రౌండ్లు నిలబడి, ఇద్దరు జడ్జీల్ని తెచ్చుకున్నావు. నీ పేపరుకి ఎనభై ఎనిమిది. నువ్వు తప్పావని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు."

పది తప్పినవాళ్ల ఇళ్లకి ఈయన ఏళ్ల తరబడి ఏం చెప్పడానికి వెళ్లేవాడో, రేపల్లె బజార్లో వాళ్లంతా ఎందుకు లేచి నిలబడుతున్నారో రూబీకి అప్పుడు తెలిసింది. గెలిచినవాళ్లని సగం ప్రశ్నతో వదిలేస్తాడు. మిగతా సగం ఓడినవాళ్ల కోసం దాచుకుంటాడు.

"మీరు ఆ అక్కకి కోచాండి?"

"కాదమ్మా, పెదనాన్నని. ఆర్నెల్ల నుంచి మాకు మాటల్లేవు." మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు. "వచ్చే ఏడు నువ్వు తప్పకుండా రావాలి. మానేశావంటే విశాఖపట్నం వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటా. నువ్వు లేకపోతే మా పిల్ల ఎవర్ని చూసి పెరుగుద్ది?"

రూబీ గట్టిగా ముక్కు చీదింది. మాస్టారు ఉలిక్కిపడి లేచాడు.

"ఎంతసేపైంది నువ్వొచ్చి?"

"ఇప్పుడే పెదనాన్నా."

"ఏమన్నా విన్నావా?"

"లేదే."

మాస్టారు గుండె కుదుటపడింది. మొహం గంటు పెట్టుకున్నాడు. "మూడో రౌండులో ఆ ఆయాసమేంటి? రేపట్నుంచి మెట్లెక్కు."

"ఎక్కుతా" అంది రూబీ, ఎన్నడూ లేనంత బుద్ధిమంతురాల్లా. కుమారి పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా పెదనాన్న సంచీలోంచి తీసి, బిందు పక్కన కూలబడింది. మూత బిగుసుకుపోయి ఉంది. రూబీ వేళ్లు వాచి వంగలేదు. బిందు ప్రయత్నించింది, ఆమె వేళ్లూ అంతే. రాష్ట్రంలో ఒకటో నంబరూ, రెండో నంబరూ కలిసి చెరో వైపు పట్టుకుని లాగినా అది రాలేదు.

జ్ఞానానందం మాస్టారు డబ్బా అందుకుని, మూత తీసి, ఇద్దరి మధ్యా పెట్టాడు.